మౌత్ ఆర్గాన్‌తో బతుకు గడుస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. మౌత్ ఆర్గాన్ పట్టుకుంటే వదలడు. ఇంజినీరింగ్ వద్దు, బ్లూస్ అనే అమెరికా నల్లజాతివాళ్ల పాటలు పాడుతూ హార్మోనికా (మౌత్ ఆర్గాన్‌నే అలా అంటాడు) వాయిస్తానంటున్నాడు. ఇందులో కెరీర్ ఉంటుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీ భయం సహజమే. అవునో కాదో చెప్పే ముందు, ఇదే దారిలో నడిచిన జేమ్స్ కాటన్ గురించి చెబుతాను. ఆయన జీవితం మీరూ, మీ అబ్బాయీ కలిసి తెలుసుకోవాల్సినది.

కాటన్ 1935లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, ట్యూనికా ఊళ్లో పుట్టారు. వాళ్లమ్మ మౌత్ ఆర్గాన్ మీద కోళ్ల అరుపులు, రైలు చప్పుడు వాయించేది. ఆ వాయిద్యం అందుకేనేమో అనుకున్నాడు పిల్లాడు. ఒకరోజు రేడియోలో సన్నీ బాయ్ విలియమ్సన్ (ఆ పేరున్న ఇద్దరు హార్మోనికా కళాకారుల్లో రెండోవారు) వాయిస్తుంటే విన్నాడు, ఇక వదల్లేదు. తొమ్మిదేళ్లకే అమ్మానాన్నలు పోతే బంధువొకరు తీసుకెళ్లి ఆ విలియమ్సన్ దగ్గరే వదిలారు. మన దగ్గర గురువుగారింట్లో ఉండి పాట నేర్చుకున్నట్టే నేర్చుకున్నాడు. పిల్లలను లోపలికి రానివ్వరు కాబట్టి సారా కొట్టు మెట్ల మీద కూర్చుని వాయించేవాడు. ఒక్కోరోజు లోపల గురువు సంపాదన కంటే బయట ఈ పిల్లాడికి పడ్డ చిల్లరే ఎక్కువ!

కొన్నేళ్లకు గురువు వెళ్లిపోతూ బ్యాండ్‌ను శిష్యుడి చేతిలో పెట్టారు. అప్పటికింకా కుర్రాడు, నడపలేకపోయాడు. బ్యాండ్ చెదిరిపోయింది. 1954లో మెంఫిస్‌లోని సన్ రికార్డ్స్ నుంచి తన పేరుతో రెండు రికార్డులు వచ్చాయి. అయినా పగలు కంకర లారీ నడుపుతూనే ఉన్నారు. అప్పుడే పేరున్న బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ వచ్చి తన బ్యాండ్‌లోకి పిలిచారు. అక్కడ పన్నెండేళ్లపాటు వెనక నిలబడి వాయించారు. అందులోనూ జనం అడిగింది ఆయన బాణీ కాదు, అంతకుముందు అక్కడ వాయించిన లిటిల్ వాల్టర్ బాణీ. సొంత బ్యాండ్ పెట్టుకునేసరికి 1966.

మీ అబ్బాయికి నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఆ కంకర లారీ గురించే. డిగ్రీ మానొద్దు. ఇంజినీరింగే కానక్కర్లేదు, సాయంత్రాలు ఖాళీ దొరికే కోర్సు ఏదైనా చాలు. మన దేశంలో బ్లూస్‌కు శ్రోతలు తక్కువ. ముంబైలో మహీంద్రా బ్లూస్ ఫెస్టివల్ ఉంది, షిల్లాంగ్ నుంచి సోల్‌మేట్ లాంటి మంచి బ్యాండ్ వచ్చింది. కానీ కచేరీలతోనే ఇల్లు గడవాలంటే చాలా ఏళ్లు పడుతుంది. సంగీతమే చదవాలనుకుంటే చెన్నైలో ఏఆర్ రెహమాన్ పెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ లాంటివి ఉన్నాయి. లండన్‌లోని ట్రినిటీ కాలేజీ పెట్టే రాక్ అండ్ పాప్ గ్రేడ్ పరీక్షల్లో హార్మోనికా లేదు, గాత్రం ఉంది. గాత్రంలో రాయించండి, వాయిద్యాన్నీ వదలనివ్వకండి.

గాత్రం, వాయిద్యం రెండూ కావాలని పట్టుబడుతున్నానంటే కారణం ఉంది. 1990ల్లో కాటన్‌కు గొంతు క్యాన్సర్ వచ్చింది. గొంతు పోయింది, హార్మోనికా మిగిలింది. పాట వేరేవాళ్లకు వదిలి, తాను వాయిస్తూ ఇరవై ఏళ్లకు పైగా వేదిక ఎక్కారు. ‘డీప్ ఇన్ ద బ్లూస్’ ఆల్బమ్‌కు 1997లో గ్రామీ అందుకున్నారు. 2017లో, 81 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఇది చెప్పినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి.

ఈ ఆదివారం మీ అబ్బాయిని ఎదురుగా కూర్చోబెట్టుకోండి. సి స్కేల్, పది రంధ్రాల మౌత్ ఆర్గాన్ తీసుకుని జి శ్రుతిలో వాయించమనండి. బ్లూస్ వాళ్ల పద్ధతి అదే. నాలుగో రంధ్రంలో గాలి లోపలికి పీలుస్తూ, నాలుక వెనక్కి లాగి, స్వరాన్ని అర మెట్టు కిందికి జార్చమనండి. అది శుభ్రంగా రావడానికి నెలలు పడుతుంది. వచ్చిందంటే చెప్పకుండానే సాధన చేస్తున్నాడన్నమాట. రాకపోతే పబ్లిక్ పరీక్షలు అయ్యేదాకా రోజుకు అరగంట కేటాయించి, జూన్‌లో మళ్లీ వినండి.