ఈఈఈ తీసుకుంటే వరంగల్‌లో కొలువు దొరుకుతదా?

ప్రశ్న: మాది కాజీపేట. మా పాప ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఎప్‌సెట్ ర్యాంకుకు సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) వచ్చేలా లేదు, మంచి కాలేజీలోనే ఈఈఈ (ఎలక్ట్రికల్) వస్తుందంటున్నారు. మేనేజ్‌మెంట్ కోటాలో అయినా సీఎస్‌ఈ కొనాల్సిందేనని వాళ్ల నాన్న పట్టు. డాలస్‌లో ఉండే మా మరిది, అక్కడ ప్రతి నగరంలో ఏ పనికి ఎంతమంది ఉన్నారో, జీతాలెంతో ప్రభుత్వమే లెక్కగట్టి పెడుతుందని చూపించాడు. వరంగల్‌కు అలాంటి లెక్క ఉందా? పదేళ్లలో ఇక్కడ ఏ ఉద్యోగాలు పెరుగుతాయి? ఒక్కతే బిడ్డ, దూరం పంపాలంటే మనసొప్పడం లేదు.

జవాబు: అమ్మా, అలాంటి లెక్క మనకు లేదు. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ మెట్రో ప్రాంతాలవారీగా ఏ వృత్తిలో ఎంతమంది, జీతం ఎంత అని ఏటా వేస్తుంది. దేశం మొత్తానికి పదేళ్ల అంచనా కూడా ఇస్తుంది. మన దగ్గర 2017 నుంచి పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే ఉద్యోగాల సర్వే నడుస్తోంది. రాష్ట్రంలో నిరుద్యోగం ఎంత శాతమో దాంట్లో తెలుస్తుంది గానీ, హనుమకొండలో ఎలక్ట్రికల్ ఇంజినీర్లు ఎంతమంది, వచ్చే పదేళ్లలో ఎంతమంది కావాలి అంటే అందులో దొరకదు.

మీ మరిది చూపించిన లెక్కలోంచే ఒక సంగతి చెప్తాను. 2023 నుంచి 2033 దాకా అక్కడ అన్నిటికన్నా వేగంగా పెరిగే వృత్తి గాలిమరల టెక్నీషియన్ అని అంచనా వేశారు. 60 శాతం పెరుగుదల! తీరా చూస్తే పదేళ్లలో కొత్తగా వచ్చేవి 6,800 ఉద్యోగాలే. ఇళ్లకు వెళ్లి ముసలివాళ్లను, రోగులను చూసుకునే పని 21 శాతమే పెరుగుతుందన్నారు, అక్కడ కొత్తగా వచ్చేవి మాత్రం 8 లక్షలు దాటుతాయి. పైగా అక్కడ ఏటా పడే ఖాళీల్లో ఎక్కువ భాగం కొత్త కొలువులు కావు. ఒకరు రిటైరైతేనో, పని మారితేనో ఖాళీ అయిన కుర్చీలు. అందుకే ఏది పెరుగుతోంది అన్నదానికంటే, ఎవరు తీసుకుంటారు, ఎన్నేళ్లకోసారి తీసుకుంటారు అన్నది ముందు చూసుకోవాలి.

పెరుగుదల మాటకొస్తే మన సింగరేణినే చూడండి. 1990ల మొదట్లో అక్కడ లక్ష మందికి పైగా పనిచేసేవాళ్లు, బొగ్గు ఏడాదికి రెండు కోట్ల టన్నుల ప్రాంతంలో ఉండేది. 2023-24లో తవ్వింది ఏడు కోట్ల టన్నులు. పర్మనెంటు కార్మికులు 40 వేల దగ్గరికి దిగారు. భూగర్భ గనుల చోట ఓపెన్‌కాస్టులు వచ్చాయి, తట్టా చెమ్మస్ (పార) పట్టే చోట భారీ యంత్రాలు దిగాయి. కంపెనీ పెరిగింది, కొలువులు తరిగాయి. కాబట్టి ఎక్కడైనా కొత్త ఫ్యాక్టరీకి కొబ్బరికాయ కొట్టారని పేపర్లో చూస్తే నేను ముందు అడిగేది పెట్టుబడి ఎన్ని కోట్లని కాదు, షిఫ్టుకు ఎంతమంది అని.

ఈ చూపుతో మన చుట్టుపక్కల చూద్దాం. గీసుగొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన అయింది. కిటెక్స్, యంగ్‌వన్, గణేశా లాంటి కంపెనీలు వచ్చాయి. బతుకుదెరువుకు సూరత్, భివండీ పోయిన మన చేనేత కుటుంబాలు తిరిగొస్తాయన్నది అప్పటి ఆశ. అక్కడ పని దొరికేది ఎక్కువగా కుట్టుమిషన్ ఆపరేటర్లకు, అందులోనూ ఆడపిల్లలకు. ఇంజినీర్లు కావాల్సింది మెయింటెనెన్స్‌లో, అదీ కొద్దిమందే.

మీ ఇంటి పక్కనే ఉన్న రైల్వే యూనిట్ గురించి కాజీపేట వాళ్లకు నేను చెప్పేదేముంది! కోచ్ ఫ్యాక్టరీ వస్తుందని మీ అత్తగారి కాలం నుంచీ వింటున్నారు. అది పంజాబ్‌లోని కపుర్తలాకు పోయిన కథ ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. చివరికి 2023 జులై 8న ఈ రైల్వే తయారీ యూనిట్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు, అయోధ్యాపురంలో షెడ్లు లేచాయి. సంతోషమే. అయితే రైల్వేలో పర్మనెంటు కొలువు రైల్వే నియామక బోర్డు (ఆర్ఆర్‌బీ) పరీక్ష రాసినవాళ్లకే. ఫ్యాక్టరీ మన వాడకట్టులో ఉందని మన పిల్లలను పిలిచి ఇవ్వరు. ఊరి వాళ్లకు ఎక్కువగా అందేది కాంట్రాక్టు పని, చుట్టూ పెరిగే వ్యాపారం.

ఐటీ సంగతి ముక్తసరిగా చెప్తాను. మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ 2020 జనవరిలో తెరిచారు. ఉన్న ఊళ్లో సాఫ్ట్‌వేర్ పని చేసుకునే వీలు కొందరికి దొరికింది, మంచిదే. కానీ ఒక్క మడికొండను నమ్ముకుని నాలుగేళ్లు సీఎస్‌ఈ చదివించడం నాకైతే నచ్చదు. సీఎస్‌ఈ చదివినవాళ్లలో ఎక్కువమంది చివరికి వెళ్లేది హైదరాబాదుకే. అంటే మీరు వద్దనుకుంటున్న దూరానికే డబ్బు కట్టి మరీ పంపినట్టు.

ఇక ఈఈఈ. ఇది మీ ఇంట్లో ఎవరికీ తట్టినట్టు లేదు గానీ, వరంగల్ కరెంటు ఊరు. ఉత్తర తెలంగాణ జిల్లాలకు కరెంటు ఇచ్చే ఎన్పీడీసీఎల్ హెడ్డాఫీసు మన హనుమకొండలోనే ఉంది. చెల్పూరులో జెన్‌కో వారి కాకతీయ థర్మల్ 1,100 మెగావాట్లు. రామగుండంలో ఎన్టీపీసీ పాత ప్లాంటు 2,600 మెగావాట్లు, పక్కనే కొత్తది 1,600. మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణి వారిది 1,200. ఇంత తక్కువ దూరంలో ఇన్ని ఎలక్ట్రికల్ కొలువుల చోట్లు రాష్ట్రంలో ఇంకెక్కడ ఉన్నాయో నాకు తోచదు. వీటిలో కొత్త పోస్టులు తెగ పుట్టుకొస్తాయని నేను అనను. కానీ సబ్‌స్టేషన్ మూతపడదు, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) రిటైరైతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవాలి. నోటిఫికేషన్ ఏళ్ల తరబడి రాకపోవచ్చు. వచ్చేదాకా ఖాళీగా కూర్చోకుండా చేతిలో ఇంకో పని ఉండాలి. అదొక్కటే ఈ దారిలో ఇబ్బంది.

ఆ ఇంకో పని సాఫ్ట్‌వేరే కావచ్చు. క్యాంపస్‌కు వచ్చే పెద్ద ఐటీ కంపెనీలు చాలావరకు బ్రాంచ్ పట్టింపు పెట్టవు. పాపకు ఆ సరదా ఉంటే రెండో ఏడాది నుంచి కోడింగ్ నేర్చుకోనివ్వండి. ఎన్టీపీసీ మీద మనసుంటే వాళ్లు ట్రైనీ ఇంజినీర్లను గేట్ అనే జాతీయ పరీక్ష స్కోరుతో తీసుకుంటారు, మూడో ఏడాదిలోనే పుస్తకం పట్టాలి. మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదన్న సంగతి వాళ్ల నాన్నకు తెలుసో లేదో, ఒకసారి నాలుగేళ్ల ఫీజు కాగితం మీద వేసి చూపించండి. కన్వీనర్ కోటాలో ఈఈఈ తీసుకుంటే మిగిలే డబ్బుతో గేట్ కోచింగ్ రెండుసార్లు ఇప్పించొచ్చు.

పాప అసలు ఏమంటోందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. వైర్లు, మోటార్లు అంటే ఒళ్లు మంటగా ఉన్న పిల్లకు ఈ లెక్కలన్నీ ఎందుకూ పనికిరావు. ముందు తనను అడగండి.

దూరం భయానికి ఒక చిన్న మాట. రైల్వే నెలవారీ సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132. పొద్దున బండెక్కి రాత్రికి ఇంటికి చేరే ఉద్యోగులు మీ స్టేషన్లో రోజూ కనిపిస్తారు. కష్టమే, రోజుకు ఐదారు గంటలు పట్టాల మీదే పోతాయి. ఏడాదో రెండేళ్లో చేయొచ్చు, జీవితమంతా కాదు.

వెబ్ ఆప్షన్లలో ముందు ప్లేస్‌మెంట్లు బాగున్న కాలేజీల్లో ఈఈఈ పెట్టండి, పేరు లేని కాలేజీ సీఎస్‌ఈని కిందికి దించండి. ఇంకొకటి, ఒకటి నుంచి ఏడో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో లోకల్ అని తేల్చేది ఆ ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివిందనే. పాప చదివిన ప్రైవేటు బడి మూతపడి ఉంటే ఆ కాగితాల కోసం ఎంఈవో ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది. నోటిఫికేషన్ పడ్డాక తిరగడం కంటే ఈ వేసవిలోనే తిరగండి.