సిటీ బస్సులకు ఏసీ అంత ఆలస్యంగా ఎందుకు వచ్చింది?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. రైళ్లలో 1930ల నాటికే, కార్లలో 1940 నాటికే ఏసీ కనిపిస్తుండగా సిటీ బస్సుల్లోకి రావడానికి దానికి అంత కాలం ఎందుకు పట్టిందన్నది మొదటిది. వచ్చిన తరువాత కూడా, స్టాపులో బస్సు ఆగగానే లోపలి గాలి ఎందుకు వెచ్చబడుతుందన్నది రెండోది. నేను ఇరవై ఏళ్లకు పైగా బస్సుల ఏసీ మరమ్మతు పనిలోనే ఉన్నాను. నా అనుభవంలో ఈ రెండింటికీ జవాబు ఒకటే. గాలిని చల్లబరచడం ఎలాగో ఇంజినీర్లకు ఎప్పుడో తెలుసు. అడుగడుగునా ఆగే బండిలో కంప్రెసర్‌ను, అంటే ఏసీలోని గ్యాసును నొక్కి తిప్పే పంపును, దేనితో తిప్పాలన్నదే చాలాకాలం తేలలేదు.

అమెరికా ఇంజినీర్ విల్లిస్ క్యారియర్ 1902లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఉన్న ఒక ముద్రణాలయం కోసం గాలిలోని తేమను అదుపు చేసే యంత్రాన్ని రూపొందించాడు. అది భవనంలో స్థిరంగా ఉండే యంత్రం కనుక బరువు ఎంతైనా, చప్పుడు ఎంతైనా చెల్లిపోయింది. ప్రయాణికులు కూర్చునే పెట్టెలోకి అలాంటి యంత్రం రావాలంటే ముందు అందులో తిరుగుతూ వేడిని మోసుకుపోయే గ్యాస్ మారాలి. ఆ రోజుల్లో వాడిన అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ లీకైతే లోపల ఉన్నవారికి ఊపిరాడదు. 1928లో థామస్ మిడ్గ్లీ బృందం మండని, విషం కాని కొత్త రకం గ్యాసును తయారు చేయడంతో ఆ చిక్కు విడిపోయింది. ఫ్రియాన్ అనే పేరుతో మనవాళ్లందరికీ పరిచయమైన ఆర్-12 ఆ కుటుంబంలోదే. 1931లో అమెరికాలో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే తన కొలంబియన్ రైలును మొత్తంగా ఏసీ పెట్టెలతో నడిపింది. కంప్రెసర్ లేకుండా పెట్టె కింద మంచు దిమ్మెలు నింపి, వాటి మీదుగా తిప్పిన చల్లని నీటితో గాలిని చల్లార్చిన రైళ్లు కూడా ఆ కాలంలో ఉండేవి. రైలుకు బరువు పెద్ద లెక్క కాదు, చోటుకు కరువు లేదు, స్టేషన్ల మధ్య దూరం ఉంటుంది.

కారు కథ ఇంకొంచెం విచిత్రంగా ఉంటుంది. 1940 మోడల్ ప్యాకార్డ్ కార్లలో ఏసీని అదనపు హంగుగా అమ్మారు. గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట, అంటే కూలింగ్ కాయిల్, డిక్కీలో ఉండేది, కంప్రెసర్‌ను ఇంజిన్ నుంచి వచ్చే బెల్టు తిప్పేది, మధ్యలో క్లచ్ ఉండేది కాదు. దాన్ని పూర్తిగా ఆపాలంటే కారు ఆపి, బానెట్ ఎత్తి, బెల్టును చేత్తో ఊడదీయాలి. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు, తరువాత ఆ అమరిక బొమ్మ చూశాక నవ్వుకున్నాను. కంప్రెసర్‌కూ ఇంజిన్‌కూ పెళ్లి చేయడం అంత సులువు కాదని ఆ బెల్టే చెబుతోంది.

దూరప్రయాణపు బస్సులు సిటీ బస్సుల కన్నా ముందే చల్లబడ్డాయి. డమాస్కస్, బాగ్దాద్ నగరాల మధ్య ఎడారి దారిలో నడిచిన నెయిర్న్ సంస్థ 1930ల చివరలోనే స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన ఏసీ బస్సులను నడిపింది. 1954లో వచ్చిన అమెరికా బస్సు సంస్థ గ్రేహౌండ్ వారి సీనిక్రూయిజర్ బస్సులకు ఏసీ మొదటి నుంచే ఉంది. వీటన్నిటికీ ఒక సౌకర్యం ఉంది: తలుపు ఒకటే, అది గంటకో రెండు గంటలకో ఒకసారి తెరుచుకుంటుంది, మిగిలిన సమయమంతా ఇంజిన్ ఒకే వేగంతో తిరుగుతుంది.

సిటీ బస్సుకు వీటిలో ఏదీ లేదు. నలుగురైదుగురు కూర్చునే గదికి ఒకటిన్నర టన్నుల ఏసీ చాలు, అంటే సుమారు 5 కిలోవాట్ల చల్లదనం. పన్నెండు మీటర్ల సిటీ బస్సుకు ఎనిమిది నుంచి పది టన్నులు కావాలి, అంటే 28 నుంచి 35 కిలోవాట్లు. ఇంత తేడా ఎందుకంటే, ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి కూడా దాదాపు 100 వాట్ల వేడి వెలువడుతుంది కనుక, అరవైమంది ఎక్కితే ఆరు కిలోవాట్ల పొయ్యి లోపల వెలిగించినట్లే. దానికి తోడు గోడల్లో సగం అద్దాలు, పైన ఎండలో కాగే రేకు. అసలు నష్టం తలుపుల దగ్గర జరుగుతుంది. మనిషి ఎత్తుకు మించిన రెండు తలుపులు రెండు నిమిషాలకోసారి బార్లా తెరుచుకుంటే, చల్లని గాలి బరువైనది కనుక మెట్ల మీదుగా కిందికి జారిపోతుంది, ఆ ఖాళీలోకి పైనుంచి వేడిగాలి చొరబడుతుంది. వేసవి మధ్యాహ్నం తలుపు పక్కన నిలబడి గమనించండి, పాదాలకు చల్లగా, ముఖానికి వేడిగా ఒకేసారి తగులుతుంది.

ఈ భారాన్ని మోసే కంప్రెసర్ కూడా పెద్దదే. కారు కంప్రెసర్ 150 సీసీ చుట్టుపక్కల ఉంటే, బస్సుకు వాడే నాలుగు సిలిండర్ల కంప్రెసర్ 650 సీసీ వరకూ ఉంటుంది, చిన్న మోటారు సైకిల్ ఇంజిన్‌లా కనిపిస్తుంది. దాన్ని తిప్పడానికే పది కిలోవాట్లకు పైగా శక్తి కావాలి. పైగా గతుకుల్లో అదిరే బండిలో రాగి గొట్టాల అతుకులు ఊడకుండా నిలవాలి. ఈ అదురు సమస్యను తట్టుకునే యంత్రాన్ని మొదట సాధించినది సరుకు లారీల వాళ్లు. 1938లో జోసెఫ్ న్యూమెరోతో కలిసి ఇప్పుడు థర్మో కింగ్‌గా పేరున్న సంస్థను ప్రారంభించిన ఫ్రెడరిక్ మెకిన్లీ జోన్స్, ఆహార పదార్థాలను తీసుకెళ్లే లారీల కోసం గతుకులకు చెదరని శీతల యంత్రాన్ని తయారు చేశాడు. తరువాతి కాలంలో బస్సు ఏసీల వ్యాపారంలోకి వచ్చిన పెద్ద సంస్థల్లో అదీ ఒకటి.

అమెరికాలో జనరల్ మోటార్స్ 1959లో తెచ్చిన న్యూ లుక్ సిటీ బస్సుతో ఏసీ నగర వీధుల్లోకి విస్తృతంగా వచ్చింది. అది ప్రతి బస్సుకూ ఉండేది కాదు, కొనేవారు కోరితేనే బిగించేవారు. 1964లో వచ్చిన పట్టణ రవాణా చట్టం ద్వారా కేంద్ర ప్రభుత్వ నిధులు బస్సుల కొనుగోలుకు అందడం మొదలయ్యాక ఆ కోరిక తేలికైంది. ఇంజిన్ వెనుక ఉండటంతో ఏసీ యంత్రమూ అక్కడికే చేరింది. ఇంజిన్ వేడి పక్కనే చల్లదనపు యంత్రాన్ని పెట్టడం నాకు ఎప్పుడూ నచ్చని అమరిక, కానీ కంప్రెసర్‌కు బెల్టు అందే చోటు అదొక్కటే.

ఇక మీ రెండో ప్రశ్న. డీజిల్ ఇంజిన్ రోడ్డు మీద నిమిషానికి 1,800 చుట్లు తిరిగితే, స్టాపులో 600 చుట్లకు పడిపోతుంది. కంప్రెసర్ దానికే కట్టి ఉంది కనుక దాని వేగమూ మూడో వంతుకు తగ్గుతుంది. సరిగ్గా తలుపులు తెరుచుకుని వేడి అన్నిటికన్నా ఎక్కువగా లోపలికి వచ్చే క్షణంలోనే చల్లదనం అన్నిటికన్నా తక్కువగా పుడుతుంది. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో నా సీనియర్ మెకానిక్ ఒకసారి నా చేతికి గ్యాస్ పీడనం చూపే గేజ్ ఇచ్చి, నడుస్తున్న బస్సులో వెనుక సీటులో కూర్చోబెట్టాడు. బండి సాగుతున్నంతసేపూ సక్షన్ వైపు, అంటే కాయిల్ నుంచి గ్యాస్ కంప్రెసర్‌లోకి వచ్చే వైపు, పీడనపు ముల్లు 2 బార్ దగ్గర నిలకడగా ఉంది, అంటే కాయిల్‌లో గ్యాస్ సున్నా డిగ్రీల దగ్గర మరుగుతోందన్నమాట. స్టాపులో ఆగీ ఆగకముందే ముల్లు మెల్లగా పైకి పాకి మూడున్నర దాటింది, అంటే కాయిల్ పదమూడు డిగ్రీలకు వచ్చేసింది. అంత వెచ్చటి కాయిల్ గాలిలోని తేమను కూడా సరిగా పిండలేదు. అందుకే ఆగిన బస్సులో వేడి కన్నా ముందు ఉక్కపోత తెలుస్తుంది. ఆ రోజు పన్నెండు స్టాపులకు పన్నెండుసార్లు ఆ ముల్లు లేచి పడటం చూశాక, గ్యాస్ తక్కువగా ఉందని ఊరికే గ్యాస్ నింపేవాళ్లను నేను నమ్మడం మానేశాను.

దీనికి రెండు మార్గాలు ప్రయత్నించారు. ఒకటి, ఏసీ కోసమే వేరుగా చిన్న డీజిల్ ఇంజిన్ పెట్టడం. అది బస్సు ఆగినా సాగినా ఒకే వేగంతో తిరుగుతుంది, చల్లదనం నిలకడగా ఉంటుంది. కానీ రెండో ఇంజిన్ అంటే రెండో ఆయిల్, రెండో ఫిల్టర్, రెండో రేడియేటర్, ఆ బరువు, ఆ చప్పుడు. రెండోది, ప్రధాన ఇంజిన్‌నే బలంగా చేసి, ఏసీ వేసినప్పుడు ఆగి ఉన్న వేగాన్ని కాస్త పెంచి ఉంచడం. హాంకాంగ్ డబుల్ డెక్కర్ల చరిత్రలో ఈ రెండూ కనిపిస్తాయి. అక్కడి తొలి ఏసీ ప్రయోగాలకు వేరే ఇంజిన్ వాడారు. 1988లో కౌలూన్ మోటార్ బస్ సంస్థ ప్రధాన ఇంజిన్ నుంచే నడిచే ఏసీతో లేలాండ్ ఒలింపియన్ డబుల్ డెక్కర్‌ను రోడ్డెక్కించిన తరువాత దారి స్థిరపడింది. అప్పటి నుంచి ఏసీ లేని బస్సులను అక్కడి జనం వెటకారంగా హాట్‌డాగ్ అని పిలిచేవారు. ఆ సంస్థ చివరి హాట్‌డాగ్ 2012 మే నెలలో సెలవు తీసుకుంది.

కిటికీల సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర సగమే. ఏసీ ఉంది కదా అని కిటికీలను మూసేసి సీలు చేసిన బస్సులు 1970ల చివర అమెరికాలో వచ్చాయి. 1977లో మొదలైన జనరల్ మోటార్స్ ఆర్టీఎస్ వాటిలో పేరుపడ్డది. చూడటానికి అందంగా ఉండే ఆ బస్సులో తొలి నమూనాల ఏసీ తరచుగా మొరాయించేది, అది ఆగితే తెరవడానికి కిటికీ లేదు. తరువాతి నమూనాలకు తెరుచుకునే కిటికీలు పెట్టవలసి వచ్చింది, వెనుక భాగం ఆకారాన్నే మార్చవలసి వచ్చింది. ఇంత జరిగినా, 2012లో లండన్ వీధుల్లోకి వచ్చిన కొత్త రూట్‌మాస్టర్ బస్సులకు మళ్లీ తెరుచుకోని కిటికీలే పెట్టారు. వాటిలో ఉన్నది పూర్తి ఏసీ కూడా కాదు. పై అంతస్తులో వేడి గురించి ఫిర్యాదులు వెల్లువెత్తాక కిటికీలు మార్చారు. కిటికీ తెరుచుకునే వీలులేని బస్సుకు నేనైతే సంతకం పెట్టను.

గ్యాస్ మార్పు గురించి ఒక్క సంఘటన చెబుతాను. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తరువాత ఓజోన్ పొరను తినేసే ఆర్-12 క్రమంగా పోయి, 1990ల మధ్య నాటికి కొత్త వాహనాల్లో ఆర్-134ఏ స్థిరపడింది. గ్యాస్ మారితే అందులో కలిసి తిరిగే నూనె కూడా మారాలి, ఎందుకంటే పాత ఖనిజ నూనె కొత్త గ్యాస్‌లో కరగదు. నేను పనిచేసిన ఒక చోట ఈ సంగతి పట్టించుకోకుండా పాత బస్సుల్లో పాత నూనె మీదనే కొత్త గ్యాస్ నింపించారు. నూనె కాయిల్ అడుగున పేరుకుపోయి కంప్రెసర్‌కు తిరిగి రాలేదు. మూడు వారాల్లో రెండు కంప్రెసర్లు బిగుసుకుపోయాయి. ఒకదాన్ని విప్పితే పిస్టన్ల మీద గోరుతో గీకినట్లు గీతలు, అడుగున గరిటెడు నూనె కూడా లేదు.

ఇప్పుడు పెద్ద మార్పు విద్యుత్ బస్సులతో వచ్చింది. వీటిలో కంప్రెసర్, దాని మోటారు ఒకే డబ్బాలో సీలు చేసి టాపు మీద ఉంటాయి, బ్యాటరీ నుంచి నేరుగా నడుస్తాయి. బెల్టు లేదు, క్లచ్ లేదు, తిరిగే ఇరుసు బయటికి వచ్చే చోట గ్యాసును ఆపే షాఫ్ట్ సీలు లేదు. పాత కంప్రెసర్లలో గ్యాస్ ఎక్కువగా కారేది ఆ షాఫ్ట్ సీలు దగ్గరే, దాని కింద కారే నూనె చుక్కలను పట్టే చిన్న సీసాను ఖాళీ చేయడం నా వారపు పనుల్లో ఒకటిగా ఉండేది. బదులుగా కొత్త లెక్క వచ్చి పడింది. ఏసీ సగటున 8 కిలోవాట్లు లాగితే పన్నెండు గంటల డ్యూటీకి 96 యూనిట్లు, అంటే 300 యూనిట్ల బ్యాటరీలో దాదాపు మూడో వంతు చల్లదనానికే పోతుంది. డీజిల్ బస్సులో ఈ ఖర్చు ఎవరికీ కనబడేది కాదు, ఇందులో డ్రైవర్ ఎదుట తెర మీద కనబడుతుంది. గ్యాస్ కూడా మళ్లీ మారుతోంది. ఆర్-134ఏ ఓజోన్‌కు హాని చేయకపోయినా భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు 1,430 రెట్లు కనుక, కార్బన్ డయాక్సైడ్‌నే గ్యాస్‌గా వాడే యంత్రాలు కొన్ని విద్యుత్ బస్సులకు వచ్చాయి. వాటిలో పీడనం వంద బార్లు దాటుతుంది, నా పాత గేజ్‌లు వాటికి పనికిరావు.

మొదటిసారి విద్యుత్ బస్సు ఏసీని పరీక్షించినప్పుడు అలవాటు కొద్దీ గేజ్ తగిలించుకుని స్టాపు కోసం ఎదురుచూశాను. బస్సు ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి, జనం ఎక్కారు. ముల్లు కదలలేదు. తలుపు దగ్గర నిలబడ్డవారి ముఖాలకు మాత్రం వేడిగాలి కొడుతూనే ఉంది.