ఉప్పు మీదికి పోయే ముందు

అమ్మడూ,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి అరగంట ఏడ్చింది. "చిన్నప్పుడే దాని చేతికి పానాలిచ్చి పాడుచేశావురా" అంది. నిజమే. ఫోన్ పెట్టేసి ఆటోనగర్‌లో మన షెడ్డు కుర్రాళ్లందరికీ టీ చెప్పాను, మా మేనకోడలు ఆగస్టులో అమెరికాలో బోనెవిల్ ఉప్పు మైదానం మీద బండి తోలబోతోందని.

హెల్మెట్టు, తోలు సూటు, తనిఖీ షరతులు నాకంటే నీకే ఎక్కువ తెలుసు. ఆ చోటు 4,200 అడుగుల ఎత్తు, గాలి పల్చన. కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ సైజు తగ్గించు. నీళ్లు తాగు.

బర్ట్ మన్రోనే నీ గురువన్నావు. కాదనను. న్యూజిలాండ్‌లో ఇన్వర్కార్గిల్ అనే ఊళ్లో చిన్న షెడ్డు, 1920 నాటి ఇండియన్ స్కౌట్. 600 సీసీ. కొన్నప్పుడు గంటకు 55 మైళ్లు పోతే గొప్ప. పిస్టన్లు తనే పోతపోసుకుని, కనెక్టింగ్ రాడ్లు ట్రాక్టర్ ఇరుసులోంచి చెక్కుకుని, 1967లో 68 ఏళ్ల వయసులో అదే ఉప్పు మీద గంటకు 183.59 మైళ్లు కొట్టి రికార్డు పెట్టాడు. (సగటు లెక్కలో తప్పుందని కొడుకు పట్టుకుంటే 2014లో అది 184.087 అయింది. కొడుకంటే అలా ఉండాలి.) పాడైన ముక్కలన్నీ అరలో పేర్చి, వేగ దేవుడికి నైవేద్యాలని రాసుకున్నాడట. నైవేద్యం ఇనుముతో సరిపెట్టు తల్లీ, ఎముకలొద్దు.

ఆ ఏడే ఆయన బండి మధ్యలో ఊగింది. వేగం తగ్గుతుందని పైకి లేచి కూర్చున్నాడు. గాలి కళ్లద్దాలు ఊడబీకింది, కళ్లు కనబడలేదు. దారి గుర్తుకి పాతిన ఇనుప గుంజ అంగుళాల్లో తప్పింది. నువ్వది నవ్వుతూ చెప్పావు. నాకు నవ్వు రాలేదు.

1988లో ఓ బుల్లెట్టుకి కోన్ సెట్, అదే హ్యాండిల్ తిరిగే చోటుండే బేరింగు, మారుస్తుంటే అందులోని ఇనుప గుళ్లు, మూడు బాల్స్ దొర్లిపోయాయి. కొట్టు కట్టేసే వేళ. గ్రీజు దట్టించి, డబ్బాలో దొరికిన పాతవి మూడు వేసి బిగించేశాను. అదీ సరిగా బిగించలేదు. మర్నాడు ట్రయలుకి తీసుకెళ్తుంటే మీ అమ్మ వెనక ఎక్కింది, ఏలూరులో పిన్నిగారింట్లో దింపమని. హనుమాన్ జంక్షన్ దాటాక హ్యాండిల్ వణికింది. భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేసి నిటారుగా లేచాను, అచ్చం మన్రోలాగే. ఇద్దరం కంకరలో పడ్డాం. మీ అమ్మ గడ్డం మీది మచ్చ మెట్ల మీద జారితే వచ్చింది కాదు. మీ తాతయ్య కూడా అదే నమ్మి పోయారు. బండి ఓనరుకి మాత్రం నిజం చెప్పి, నా ఖర్చుతో బాగుచేసిచ్చాను.

ఊగితే పైకి లేవకు. ట్యాంకు మీదే వాలిపో, యాక్సిలరేటర్ మెల్లగా వదులు. అంతకంటే ముందు కోన్ సెట్ కొత్తది వెయ్యి. బాల్స్ పళ్లెంలో పోసి రెండుసార్లు లెక్కపెట్టు. ముందు చక్రం లేపి, ఫోర్కుల అడుగు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపు. టక్కుమంటే మళ్లీ విప్పు.

ఊపేటప్పుడు వీడియో తీసి పంపు. ఇక్కడ అర్ధరాత్రయినా సరే, చూస్తాను. మీ అమ్మకి చూపించను.

మామయ్య