వాట్సాప్‌లో ఎవరైనా బాధ చెప్పుకుంటే ఏమని బదులివ్వాలి?

అలా చెప్పుకునేవాళ్ళలో చాలామంది సలహా అడగడం లేదు. తమ బాధ ఎవరికైనా పట్టిందా అని చూస్తారు. ఎదురుగా కూర్చుని నోరు విప్పలేనివాళ్ళకి, ముఖ్యంగా మగవాళ్ళకి, ఫోన్‌లో చెప్పడం కాస్త తేలిక.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గోదావరి డెల్టాలోనూ వరి మునిగింది. నాకు బాబాయ్ వరసయ్యే కౌలు రైతు ఒకాయన, మొలకెత్తిన ధాన్యం దోసిట్లో పట్టుకుని చుట్టాల గ్రూపులో ఫొటో పెట్టారు. మాట ఒక్కటీ రాయలేదు. ‘అయ్యో’లు, దండం బొమ్మలు చాలానే వచ్చాయి. ‘అందరికీ పోయిందిలెండి’ అని ఒకరన్నారు. ఓదార్పే అనుకుని ఉంటారు గానీ, ఆ మాటతో మనిషి ఇంకేం చెప్పుకోలేడు. ఆయన బదులిచ్చింది ఒక్క మెసేజ్‌కే: ‘బాబాయ్, ఎన్నెకరాలు తడిసింది? మా ఇంట్లో రెండు బరకాలున్నాయి, పొద్దున్నే తెస్తాను.’

మీరూ అలాగే వరస పెట్టి పిలవండి, ఎదుటివాళ్ళు చెప్పిన సంగతే అడగండి, చేయగలిగింది చెప్పండి. హైదరాబాదులోనో గల్ఫ్‌లోనో ఉంటే రాత్రికి ఫోన్ చేయండి. గ్రూపులో వందమంది ఉంటే, ఇంకెవరో పలకరిస్తారులే అని అందరూ ఊరుకుంటారు.

‘ఇక నేనుండి ఏం లాభం’ లాంటి మాట కనిపిస్తే మాత్రం గ్రూపులో చర్చ వద్దు. వెంటనే ఫోన్ చేసి, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. దగ్గర్లో ఉన్నవాళ్ళని ఇంటికి పంపండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం ‘టెలీ మానస్’ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.