కార్డు అందుకున్నాడా, పడిందా?

సందేహం: 'రెండో పసుపు కార్డు అందుకున్న ఆటగాడు సెమీఫైనల్ నిషేధాన్ని ఎదుర్కొంటున్నాడు' వంటి వాక్యాలు ఫుట్‌బాల్ వార్తల్లో తరచూ కనిపిస్తున్నాయి. కార్డు 'అందుకోవడం' సరైన ప్రయోగమేనా? 'సస్పెన్షన్'కు 'నిషేధం' సరిపోతుందా?

సమాధానం: వాక్యంలో మాటలు తెలుగువే, కూర్పు మాత్రం ఇంగ్లీషుది. అందుకోవాలంటే చెయ్యి చాపాలి. బహుమతి అందుకుంటాం, జీతం అందుకుంటాం, పరుగెత్తి బస్సు అందుకుంటాం. రిఫరీ కార్డును ఎవరి చేతికీ ఇవ్వడు. హెచ్చరికగా జేబులోంచి తీసి, పైకెత్తి చూపించి, మళ్ళీ జేబులోనే పెట్టుకుంటాడు. 'పసుపు కార్డు చూశాడు' అని రాసేవారూ ఉన్నారు. ఆ లెక్కన చూస్తే స్టేడియం మొత్తం చూసింది!

కోరకుండా నెత్తిమీదికి వచ్చే వాటికి మనకు 'పడు' ఉంది. శిక్ష పడింది, జరిమానా పడింది, చీవాట్లు పడ్డాయి. ఆ వరుసలోనే 'అతనికి పసుపు కార్డు పడింది' అనవచ్చు. రిఫరీ కర్తగా ఉంటే 'పసుపు కార్డు చూపించాడు' చాలు.

మీరు అడగకపోయినా, అసలు చిక్కు 'రెండో' దగ్గరుంది. ఒకే మ్యాచ్‌లో రెండో పసుపు కార్డు పడితే వెంటనే ఎర్ర కార్డు చూపించి బయటికి పంపుతారు. ప్రపంచ కప్ వంటి టోర్నీల్లో వేర్వేరు మ్యాచ్‌లలో కలిపి రెండోది పడితే ఆ రోజు ఆట ఆడుకోవచ్చు, తర్వాతి మ్యాచ్ మాత్రం పోతుంది. 2002 ప్రపంచ కప్ సెమీఫైనల్లో, సియోల్‌లో దక్షిణ కొరియాపై జర్మనీ ఆటగాడు మైకేల్ బల్లాక్‌కు 71వ నిమిషంలో పసుపు కార్డు పడింది. అంతకు ముందే మరో మ్యాచ్‌లో ఒకటి ఉంది కాబట్టి ఫైనల్ ఆడే అవకాశం పోయింది. అయినా 75వ నిమిషంలో జర్మనీని గెలిపించిన ఏకైక గోల్ అతనే కొట్టాడు. 'రెండో పసుపు కార్డు పడిన బల్లాక్ గోల్ చేశాడు' అని రాస్తే, బయటికి పోయినవాడు గోల్ ఎలా కొట్టాడని పాఠకుడు తల గోక్కుంటాడు. 'ఈ టోర్నీలో రెండో' అనో 'అదే మ్యాచ్‌లో రెండో' అనో రాసి తీరాలి. విలేకరులు ఈ ఒక్కటి పాటిస్తే నేను 'అందుకున్నాడు'ను కూడా క్షమిస్తాను.

తమాషా ఏమిటంటే ఈ కార్డులు పుట్టిందే భాష తెచ్చిన చిక్కు తీర్చడానికి. 1966 ప్రపంచ కప్‌లో, లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండ్‌తో ఆడుతున్న అర్జెంటీనా కెప్టెన్ రాటిన్‌ను జర్మన్ రిఫరీ పొమ్మంటే, ఒకరి మాట ఒకరికి తెలియక పెద్ద రభస జరిగింది. దాని తర్వాత ఇంగ్లిష్ రిఫరీ కెన్ ఆస్టన్‌కు ట్రాఫిక్ దీపాలు చూసి ఈ ఆలోచన వచ్చింది. 1970 మెక్సికో ప్రపంచ కప్‌లో కార్డులు మొదలయ్యాయి.

ఇక 'నిషేధం'. మద్యనిషేధం వంటి వాడుకలో ఒక అధికారి ఆజ్ఞ ధ్వనిస్తుంది. 2014లో ఇటలీ ఆటగాడు కియెల్లినిని కొరికిన ఉరుగ్వే ఆటగాడు సువారెజ్‌పై ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా విచారించి 9 అంతర్జాతీయ మ్యాచ్‌లు, 4 నెలలు ఆడరాదని ఆదేశించింది. అది నిషేధమే. బల్లాక్ విషయంలో ఎవరూ కూర్చుని తీర్పు చెప్పలేదు, కార్డుల లెక్కే అతన్ని ఆపింది. అక్కడ 'ఒక మ్యాచ్ వేటు' అంటే సరిపోతుంది. ఉద్యోగుల వార్తల పుణ్యమా అని 'సస్పెన్షన్' కూడా ఇంటి మాటే అయింది, వాడితే తప్పులేదు. 'బహిష్కరణ' వద్దు, దానికి కులకట్టుబాట్ల వాసన ఉంది. 'దూరమయ్యాడు' అని ఊరుకుంటే గాయమో శిక్షో తెలియదు. 'నిషేధాన్ని ఎదుర్కొన్నాడు' అంటే దానితో కలబడ్డాడన్నట్టుంది.

'సస్పెండ్' మాత్రం ఒకచోట తిరగబడుతుంది. 2025 నవంబరులో ఐర్లండ్‌పై ఎర్ర కార్డు పడిన పోర్చుగల్ ఆటగాడు రొనాల్డోకు 3 మ్యాచ్‌ల శిక్ష వేసి, అందులో రెండింటిని ఏడాది పాటు అమలు చేయకుండా పక్కన పెట్టారు. దీన్ని 'సస్పెన్షన్‌ను సస్పెండ్ చేశారు' అని రాస్తే చదివేవారికి దిక్కు తోచదు. కోర్టు వార్తల్లో వాడే 'శిక్ష అమలు నిలిపివేత' ఇక్కడ అతికినట్టు సరిపోతుంది.