పెళ్లిలో కరెంటు పోయిన రాత్రి

ఒక సంగీత దర్శకుడి పాటలు ఏళ్ల తరబడి గుర్తుండటానికి, అన్ని రకాల సినిమాలకూ ఒదగడానికి కారణం ఏమిటని అడిగారు. రాగాలు, ఆర్కెస్ట్రేషన్ అని చాలామంది చెబుతారు. పదకొండేళ్లు పెళ్లిళ్లలో కీబోర్డు వాయించినవాణ్ణి, నా మటుకు కారణం ఒక్కటే. మాట ముందు పుట్టాలి, బాణీ తర్వాత. సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ గారే సాక్ష్యం.

తొంభైల్లో కోనసీమలో ఒక పెళ్లి. ముహూర్తం తెల్లవారుజామున. రాత్రి పదింటికి మేం మాంచి ఊపు మీదున్నాం. ఆ ఏడాది ఊరూరా మోగిన పాట ఒకటి ఎత్తుకున్నాం. పల్లవి అవ్వకుండానే కరెంటు పోయింది. జనరేటర్లో డీజిల్ లేదు, ఒక కుర్రాడు డబ్బా పట్టుకుని సైకిలెక్కాడు. ఆపితే పరువు పోతుందని మా గాయకుడు చప్పట్లు కొడుతూ లాగించబోయాడు. రిథమ్ ప్యాడ్ లేదు, నా కీబోర్డు లేదు. నాలుగు లైన్లయ్యేసరికి అతనికే మాటలు గుర్తు రాలేదు.

సన్నాయి ఆయన అరుగు మీద తాంబూలం నములుతూ చూస్తున్నారు. "మీ పాటక్కూడా కరెంటు కావాలాండీ?" అన్నారు. నోరు కడుక్కొచ్చి ‘గోదారి గట్టుంది’ అందుకున్నారు. డోలు కలిసింది. వెనకాల వంకాయలు తరుగుతున్న ఆడవాళ్లు గొంతు కలిపారు, చరణాలతో సహా. అది 1964 నాటి మూగమనసులు పాట, వాళ్లలో సగం మంది అప్పటికి పుట్టి కూడా ఉండరు. ఎవరో ‘ఆరేసుకోబోయి’ అని అరిచారు. అదీ వాయించారు. పెళ్లికొడుకు మేనమామ తువ్వాలు నడుముకి చుట్టుకుని దిగిపోయాడు. డీజిల్ వచ్చేలోపు ‘శంకరా నాద శరీరాపరా’ దాకా వెళ్లారు, పడుకున్న పురోహితుడు గారు లేచి కూర్చున్నారు.

మూడు పాటలూ మహదేవన్ గారివే. ఆ సంగతి నాకు ఆ చీకట్లోనే తట్టింది.

ఆయనది నాగర్‌కోయిల్ వైపు, మాతృభాష తమిళం. అయినా పాట రాసి ఇచ్చాకే బాణీ కట్టేవారు. ‘గోదారి గట్టుంది’కి దాశరథి గారు పల్లె మాట రాస్తే పల్లె బాణీ పలికింది. ‘ఆరేసుకోబోయి’ 1977 నాటి అడవి రాముడులోది, ‘శంకరా’ 1980 నాటి శంకరాభరణంలోది. రెండు పాటలూ వేటూరి గారు రాసినవే, మాట మారింది కాబట్టి బాణీ మారింది. సినిమా పాటలే వృత్తిగా లేని గుంటూరు శేషేంద్ర శర్మ గారు ముత్యాల ముగ్గుకి ‘నిదురించే తోటలోకి’ రాసిస్తే, ఆ కవిత్వం ఒక్క అక్షరం నలగకుండా పాటలో కూర్చుంది. ఇప్పుడేమో ముందు ట్యూన్ వస్తుంది, దాన్లో మాటలు కుక్కుతారు. పైగా టీవీ పాటల పోటీల్లో పదేళ్ల పిల్లల్ని నిలబెట్టి గమకం, అదే స్వరాన్ని ఊపి పలికించడం, సరిగ్గా పడలేదని ఏడిపిస్తారు. మాట అర్థమైందా అని ఒక్కరూ అడగరు.

ఇళయరాజా గారివి చాలావరకు ట్యూన్‌కి రాసినవే కదా అంటారేమో. ఆయన్ని లెక్కలోకి తేకండి, ఆయన సంగతి వేరు.

మొన్న మా మేనకోడలి పెళ్లికి డీజే పెట్టారు. కరెంటు పోతే ఏం చేస్తావు బాబూ అని అడిగాను. "ఇన్వర్టర్ ఉందంకుల్" అన్నాడు.