ఇంటికి గ్రాఫిక్స్ కార్డు పట్టుకెళ్తున్నారా? ముందు అక్కడి కంప్యూటర్ మూత తీయించండి

కొత్తగా అమెరికా వచ్చి, మొదటిసారి సెలవులకి ఇంటికెళ్తున్న మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు తరచూ అడిగే మాట: "అన్నా, తమ్ముడి డెస్క్‌టాప్‌కి గ్రాఫిక్స్ కార్డు తీసుకెళ్దామనుకుంటున్నాను, ఏది కొనమంటావు?" కార్డు సంగతి తర్వాత, ముందు ఇంట్లో ఉన్న కంప్యూటర్ పెట్టె ఏదో చెప్పండి.

నేను అడక్కుండానే ఆర్‌టీఎక్స్ 4060 అనే కార్డు కొనేసి, బట్టల మధ్య చుట్టి విజయనగరంలో మా అక్క ఇంటికి పట్టుకెళ్లాను. మేనల్లుడు పొద్దున్నే టేబుల్ తుడిచి, స్క్రూడ్రైవర్ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. మూత తీస్తే అది సెకండ్ హ్యాండ్‌లో కొన్న సన్నపాటి ఆఫీసు మెషీన్. కార్డు చివరనుండే ఇనప పట్టీ ఆ పెట్టెలో నిలబడనే లేదు. పెట్టెలోని భాగాలన్నిటికీ కరెంటిచ్చే ఎస్ఎంపీఎస్ మీద స్టిక్కర్ చూస్తే 180 వాట్లు. కార్డు ఒక్కటే 115 వాట్లు తాగుతుంది, దానికి 8 పిన్నుల వైరు కావాలి, ఆ వైరే అందులో లేదు. ఎస్ఎంపీఎస్ మార్చుదామంటే, చాలా బ్రాండెడ్ ఆఫీసు మెషీన్లలాగే దాని మదర్‌బోర్డుకీ మామూలు ఎస్ఎంపీఎస్ ప్లగ్గు పట్టదు. చివరికి విశాఖలో పెద్ద క్యాబినెట్, బోర్డు, 550 వాట్ల ఎస్ఎంపీఎస్ అన్నీ కొనాల్సి వచ్చింది.

మనవైపు పెట్టె మొత్తాన్నీ సీపీయూ అనే అంటారు కాబట్టి ఫోన్లో మాటల్లో అడిగితే ఏదీ తేలదు, వాట్సాప్‌లో ఫోటోలు అడగండి. ఎస్ఎంపీఎస్ స్టిక్కర్ ఒకటి, దాన్నుంచి వచ్చే వైర్ల చివర్లు ఒకటి, బోర్డు మీది పొడవాటి స్లాటు నుంచి పెట్టె ముందు భాగం దాకా టేపు పెట్టి తీసింది ఒకటి. స్లాటు తనంతట తాను ఇచ్చేది 75 వాట్లే, ఆపైన కావాలంటే వైరు ఉండాల్సిందే: 6 పిన్నులదైతే ఇంకో 75, 8 పిన్నులదైతే 150. వైర్లు లేని పెట్టెకి ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీది చూడండి, 70 వాట్లతో స్లాటు మీదే నడుస్తుంది, ఎస్ఎంపీఎస్ 300 వాట్లుంటే చాలు. అదే పేరుతో ఉన్న 8 జీబీది మాత్రం వేరే, దానికి వైరు కావాలి. పెట్టె సన్నదైతే లో ప్రొఫైల్, అంటే ఎత్తు తక్కువుండే మోడలే కొనండి, పొట్టి పట్టీ కార్డు డబ్బాలో ఉందో లేదో చూసుకోండి.

వైరు లేకపోతే హార్డ్‌డిస్కుకిచ్చే సాటా వైరుకి కన్వర్టర్ తగిలిద్దామని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోవద్దు. ఆ కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగింది 54 వాట్లు, అంతకు మించి లాగితే కరిగిపోతుంది, ఇల్లు కాలే ప్రమాదం కూడా ఉంది.

అక్కడ 230 వోల్టులు కదా అని చాలామంది టెన్షన్ పడతారు. కార్డుకి అది అంటదు, దానికి వెళ్లేది ఎస్ఎంపీఎస్ ఇచ్చే 12 వోల్టులే. ఎస్ఎంపీఎస్ కూడా ఇక్కణ్ణుంచే పట్టుకెళ్తుంటే మాత్రం దాని మీద 100-240 అని ఉందా చూడండి. వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో కొనకముందే చదవండి, కార్డు హ్యాండ్ బ్యాగేజీలో పెట్టుకోండి.

బిగించేటప్పుడు ప్లగ్గు పీకేసి, క్యాబినెట్ ఇనుము ఒకసారి ముట్టుకుని చెయ్యి పెట్టమనండి. అంతా అయ్యాక స్క్రీన్ నల్లగా ఉంటే కార్డు పాడైందని కంగారు పడొద్దు, మానిటర్ వైరు పాత అలవాటుగా బోర్డుకే గుచ్చి ఉంటుంది, తీసి కార్డుకి గుచ్చమనండి.